అమ్మ పలకని పేరు

పోయిన భాగం చదివినవాళ్ళు ఈ నాలుగు ముక్కలూ దాటేసి ముందుకు వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను. కొత్తగా వచ్చినవాళ్ళు మాత్రం కాస్త ఇలా కూర్చోండి. ఇది ఒక ఇంటి కథ. దక్షిణాఫ్రికాలో, క్వాజులూ-నటాల్ ఉత్తరాన, డండీ ఊరు దాటాక, ఒక బొగ్గు గనికి ఎదురుగా ఒకే కప్పు కింద వరసగా కట్టిన ఇటుక ఇళ్ళున్నాయి. ఒక ఇంటి గోడే పక్కింటికీ గోడ. ఆ వరసను ఇక్కడివాళ్ళు లైను అంటారు. వేల్స్ నుంచి ఓడల్లో తెచ్చుకున్న తెల్ల గనివాళ్ళ కోసం కట్టించిన ఇళ్ళవి. వాళ్ళకు కొండ మీద తోటలున్న బంగళాలు దొరికాక, మసి పట్టిన ఆ గదులు కూలికొచ్చిన మనవాళ్ళ వాటాకు వచ్చాయి. అందులో చివరి నుంచి రెండో ఇంటికి, ఉంజింటో చెరుకు తోటల నుంచి కొత్త కోడలిగా వచ్చింది రమణమ్మ. ఆ ఇంట్లోనే, ముందుగదిలో బల్ల మీద, పది రోజుల కిందట ముసలి లచ్మన్ కన్నుమూశాడు.

పోతూ పోతూ ఆయన రమణమ్మ వైపు చూసి ఒక్క మాటన్నాడు. "వదినా" అన్నాడు. అక్కడ ఆపాను పోయిన భాగం. ఆపినందుకు మీలో కొందరు నన్ను తిట్టుకున్నారనీ తెలుసు.

నోట్లో నీళ్ళు పోస్తున్న కూతురు కోగీ ఆ మాట విన్నది. కోగీకి తెలుగు రాదు. డండీ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. పుట్టి బుద్ధెరిగి ఇంగ్లీషులోనే మాట్లాడింది, ఇంగ్లీషులోనే ప్రేమించింది, ఇంగ్లీషులోనే విడాకులిచ్చింది. కానీ ఇక్కడ మన తెలుగు పోతూ పోతూ వరసల్నీ, దేవుడి పాటల్నీ, తిట్లనీ మాత్రం వదిలిపెట్టి పోయింది. కాబట్టి వదిన అంటే అన్న పెళ్ళామని కోగీకి తెలుసు. సొంత పెళ్ళాన్ని ఎవరూ అలా పిలవరనీ తెలుసు. చివరి ఘడియల్లో మతి తప్పి ఉంటుందిలే అని మనసుకు సర్దిచెప్పుకుంది. కొడుకులు లేరు గనక తానే చితికి నిప్పు పెట్టింది. ఆ మాట మాత్రం పది రోజులుగా ఆమె చెవిలోనే ఉంది.

ఇంకొక్క సంగతి చెప్పి కథలోకి వస్తాను. గని మూతపడుతోంది. కొత్త ప్రభుత్వం వచ్చాక కంపెనీకి ఉన్నట్టుండి పుణ్యం మీద మనసు పుట్టింది. లైనులో ఇళ్ళను వాటిలో కాపురమున్న పనివాళ్ళకే రాసిచ్చేస్తామంది. పనివాడు పోతే అతని భార్యకు. ఆమె తన భర్త ఫలానా, ఫలానా రోజు పోయాడు అని ప్రమాణం చేసి వేలిముద్ర వేస్తే చాలు. ఆ కాగితం పట్టుకుని కంపెనీ తరఫున రాడ్నీ అనే అతను ఈ రోజే వస్తానన్నాడు. ఈ రోజు లచ్మన్‌కి పదో రోజు.

తొంభై ఆరు ఆగస్టు. ఈ వైపు ఆగస్టంటే చలిగాలి, దుమ్ము. మంట పాకకుండా ముందే కాల్చేసిన గడ్డితో కొండలన్నీ నల్లగా ఉంటాయి. లైను వెనక పెరట్లో ఆడవాళ్ళు చేరి శాలువాలు కప్పుకుని కూర్చున్నారు. పళ్ళెంలో పసుపు, కుంకుమ, పూలు, డజను ఆకుపచ్చ గాజులు, కొత్త చీర. పదో రోజున ఏం చేస్తారో మీకు తెలియనిది కాదు. విధవను చివరిసారి పెళ్ళికూతురిలా ముస్తాబు చేసి, ఆ చేత్తోనే అన్నీ తీసేస్తారు. ఎవరు కనిపెట్టారో గానీ ఈ తంతును, వాళ్ళు ఆడవాళ్ళు మాత్రం అయ్యుండరు.

రమణమ్మ వంటింట్లోకి పోయి తలుపు గడియ వేసుకుంది.

మొదట అందరూ పాపం అనుకున్నారు. యాభై ఏళ్ళ పైచిలుకు కాపురం, గాజులు తీయించుకోవడానికి ఏ ఆడదానికి చేతులొస్తాయి అనుకున్నారు. కోగీ తలుపు దగ్గర నిలబడి బతిమాలింది. గాజులు తీయొద్దులే, కాలం మారింది, ఎవరూ నిన్ను బలవంతపెట్టరు అని ఇంగ్లీషులో చెప్పింది. లోపల్నుంచి తెలుగులో ఏదో జవాబు వచ్చింది. అందులో కోగీకి అర్థమైంది ఒక్క "బాబు" మాత్రమే. అమ్మ బాబూ అని పిలిచేది ఒక్క డాక్టరునే గనక, ఆయన్ని పిలవమంటోందని ఊహించుకుంది.

డాక్టరు గిరిధరరావు అప్పటికే ముందు వసారాలో ఇబ్బందిగా నిలబడి ఉన్నాడు. విజయనగరం మనిషి. కోగీ పనిచేసే ఆసుపత్రికి వచ్చి ఏడాదైంది. ఆంధ్రా నుంచి వచ్చినవాడికి మంత్రాలన్నీ వస్తాయని లైనువాళ్ళ నమ్మకం. అవోకా నుంచి రావలసిన పూజారి కారు దారిలో చెడిపోయిందని కబురు రాగానే, పర్వాలేదు, డాక్టరున్నాడుగా అనేశారు. ఆయనకు నోటికొచ్చింది ఒకటిన్నర శ్లోకం, అదీ క్యాసెట్టుతో పాటు పాడితేనే. ఆ సంగతి చెప్పడానికి మొహం చాల్లేక, తెచ్చిన నారింజపళ్ళ సంచీని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటున్నాడు. వంటింటికి రమ్మనేసరికి బతికానురా అనుకున్నాడు. ఆ అనుకోవడం ఎంతోసేపు నిలవలేదు.

తలుపు తెరుచుకుంది. ఇద్దరూ లోపలికి వెళ్ళాక మళ్ళీ మూసుకుంది.

బొగ్గుల పొయ్యి పక్కన పీట మీద కూర్చుని ఉంది రమణమ్మ. వేల్స్ వాళ్ళు పెట్టుకున్న ఇనుప పొయ్యి అది, ఇంకా మండుతూనే ఉంది. ఆమె నుదుట రూపాయంత బొట్టు. చేతుల నిండా గాజులు. అన్నం తిని ఎన్నాళ్ళయిందో, మొహం పీక్కుపోయింది.

"నా మాట దీనికి ఇంగ్లీసులో సెప్పు బాబూ," అంది కోగీని చూపిస్తూ. "దీనికి నా బాస రాదు, నాకు దీని బాస రాదు. ఇన్నాల్లూ కూడూ కూరా మాటలతోనే గడిపేసినాం. ఈ మాటకది సాలదు."

గిరిధరరావు చేతిలోని సంచీ కింద పెట్టేశాడు. వాళ్ళ నాయనమ్మ అచ్చం ఇలాగే మాట్లాడేది. ఆవిడ పోయాక ఆ మాట వినడం ఇదే, అదీ సముద్రం దాటి వచ్చి. చెప్పమ్మా అన్నాడు.

"ఆలు నన్ను ముస్తాబు సెయ్యొద్దని సెప్పు. గాజులు తీస్తారని బయం కాదు. నాను ముండమోసి యాబై ఏల్లయింది. మొన్న పోనోడు నా మొగుడు కాదు. నా మరిది. సూబయ్య."

అనువదించడానికి గిరిధరరావు నోరు తెరిచాడు గానీ అవసరం లేకపోయింది. మరిది అన్న మాట కోగీకి తెలుసు. ఆమె గోడకు ఆనుకుని, అలాగే కిందికి జారి నేల మీద కూర్చుంది. తర్వాత ఎవరి వైపూ చూడకుండా, మిగతాది కూడా చెప్పమనండి అంది.

మిగతాది రమణమ్మ ఆగి ఆగి చెప్పింది. గిరిధరరావు ఒక్కో ముక్కా ఇంగ్లీషులోకి మార్చి కోగీకి అందించాడు. నేను మీకు నా మాటల్లో చెబుతాను.

అన్నదమ్ములిద్దరూ అదే గనిలో పనిచేసేవారు. లచ్మన్ పెద్దవాడు, సూబయ్య చిన్నవాడు. ఇంటికి వచ్చిన వదినను తల్లి తర్వాత తల్లిగా చూసుకునేవాడు సూబయ్య. యుద్ధం అయిపోయిన మరుసటి ఏడాది, గోవిందల నెలలో ఒక శనివారం. ఇప్పటికీ మనవాళ్ళు ఆ నెల శనివారాలు వెంకన్న పేరున ఉపవాసముంటారు. ఆ రోజు ఉపవాసమున్నది సూబయ్య. అతనికి పగలు పని, లచ్మన్‌కి రాత్రి పని. కడుపులో ఏమీ లేకుండా గనిలోకి దిగితే కళ్ళు తిరుగుతాయిరా, నువ్వింట్లో ఉండి దీపం పెట్టు, నేను దిగుతాను అని లచ్మన్ తమ్ముడి బిళ్ళ తీసుకుని వెళ్ళాడు. గనిలోకి దిగే ప్రతివాడికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటుంటుంది. ఏ బిళ్ళ దిగితే ఆ మనిషి దిగినట్టు. దొరలకు కూలీల మొహాలతో పనిలేదు, వాళ్ళకు బిళ్ళే మనిషి. అన్న బదులు తమ్ముడు, తమ్ముడి బదులు అన్న దిగడం ఆ లైనులో కొత్తేమీ కాదు.

మధ్యాహ్నం కప్పు కూలింది.

పైకి తెచ్చినప్పుడు మొహం గుర్తుపట్టేలా లేదు. నడుముకు కట్టిన తాడునీ, ఎడమ కాలి మీది పాత కాలిన మచ్చనీ బట్టి రమణమ్మ గుర్తుపట్టింది. అప్పుడామె కడుపులో కోగీ ఉంది. గని మూతి దగ్గర గుమాస్తా ఒకడు పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు. అతనికి తెలుగు రాదు. గనుల్లో జులూ, ఇంగ్లీషు కలిపి వాడే ఫనకలో మాటల్లో, "గామా? గామా?" అని అడిగాడు. పేరు, పేరు అని.

ఇక్కడ నేను కాస్త ఆగాలి. మన పాతకాలం ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలికేవారు కాదు. పలికితే ఆయుష్షు తగ్గుతుందని. కొట్టువాడు అడిగినా, జనాభా లెక్కల మనిషి అడిగినా పక్కనున్న వాళ్ళెవరో అందించాల్సిందే. రమణమ్మ ఉంజింటో నుంచి ఓ పెట్టెలో బట్టలతో పాటు ఆ కట్టుబాటునూ తెచ్చుకుంది. మొగుడు చచ్చి ఎదురుగా పడున్నా ఆ పేరు ఆమె నాలుక మీదికి రాలేదు. గుమాస్తా విసుక్కుని, శవం నడుముకున్న బిళ్ళ తిప్పి చూశాడు. సూబయ్యేనా అన్నాడు. ఆమె తల దించుకుని ఏడుస్తోంది. దించిన తలను అతను అవునన్నట్టు తీసుకుని రాసేసుకున్నాడు.

"పక్కన మునుస్వామి ఉన్నాడు, ఆడైనా సెప్పొచ్చు," అంది రమణమ్మ. "ఆడూ సెప్పనేదు. మొగోడు పోతే ఇల్లు కాళీ సెయ్యాలని ఆడికి తెలుసు. ఎల్లిపోడానికి నాకు తావేది? మా అయ్య సెరుకు నరికి నరికి పోనాడు. కడుపులో ఇది."

మునుస్వామి పక్కింటాయన. గని చట్టం ఆయనకు బాగా తెలుసు. పెళ్ళాం పిల్లలున్న వాడికే లైనులో ఇల్లు, ఒంటి మగాళ్ళకు బారకాసులనే ఉమ్మడి గదులు. లచ్మన్ చచ్చాడని తేలితే సూబయ్య బారకాసుకు పోతాడు, కడుపుతో ఉన్న రమణమ్మ వీధిన పడుతుంది. సూబయ్య చచ్చాడంటే ఇల్లు నిలబడుతుంది. వదినను తమ్ముడు కట్టుకోవడం వాళ్ళలో లేదు, ఆ ఊహే పాపం. అందుకని పెళ్ళి కాకుండానే, ఆ సాయంత్రం నుంచి సూబయ్య అన్న బిళ్ళ పట్టుకుని లచ్మన్‌గా గనిలోకి దిగాడు. రమణమ్మ గాజులు తీయలేదు. తీస్తే మర్నాడే కంపెనీకి తెలుస్తుంది. మొగుణ్ణి గని పక్క స్మశానంలో సూబయ్య అనే పేరు మీద పాతిపెట్టిన రోజున ఆమె నుదుట బొట్టుతో, తల్లో పూలతో, మరిది పోయిన ఇల్లాలిలా నిలబడింది. అంతకు మించి ఏడిస్తే అనుమానం వస్తుందని మునుస్వామి భార్య ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అప్పట్లో లైను లైనంతటికీ తెలుసు. ఒక్క నోరు పెగల్లేదు. పిల్లలకు చెప్పలేదు, పిల్లల పిల్లలకు అసలే చెప్పలేదు. తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. పోయినేడు మునుస్వామి పోయాడు. నోరు మూసుకోవడమంటే పిరికితనమని అంటుంటారు గానీ, ఆ లైనువాళ్ళ మౌనం కంటే పెద్ద మనసు నేను చూడలేదు.

గిరిధరరావు చివరి వాక్యం ఇంగ్లీషులోకి మార్చాడు. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి, వాటిని దించాలని ఎవరికీ తోచలేదు.

కోగీకి ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. నాయన ఎప్పుడూ ముందుగదిలో బల్ల మీదే పడుకునేవాడు, గురక పెడతాడమ్మా అనేది అమ్మ. ప్రతి శనివారం, గోవిందల నెలే కాదు, ఏడాది పొడుగునా ఉపవాసముండేవాడు. పెద్దలకు పెట్టే రోజున అమ్మ చిన్నాయన సూబయ్య పేరున ఆకు వేసి, ఎండుచేపల పులుసు వడ్డించేది. అమ్మ ఆ ఆకు ముందే ఎక్కువసేపు ఎందుకు కూర్చునేదో ఇప్పుడు తెలిసింది. నాయనకు ఎండుచేప వాసనే గిట్టేది కాదు. ఆయన అమ్మను ఏ పేరుతోనూ పిలిచేవాడు కాదు, "కోగీ అమ్మా" అనేవాడు. తను పుట్టకముందు ఏమని పిలిచాడో, ఎలా పిలవకుండా నెట్టుకొచ్చాడో.

కోగీకి దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. నాకు చెప్పకుండా నా చేత నిప్పు పెట్టించావు అని అడగమంది. గిరిధరరావు అడిగాడు.

"ఆడికి నిప్పెట్టడానికి నీకంటే అక్కున్నోరెవులే?" అంది రమణమ్మ. "గ్లెన్‌కోలో పిల్లని సూసినాం ఆడికి. మంచి గుంట. పెల్లామున్నోడి పేరెట్టుకుని ఇంకో పెల్లేటని ఆడే మానుకున్నాడు. ఒక్కనాడు నా గది గడప తొక్కనేదు. పేరొగ్గీసినాడు, పెల్లొగ్గీసినాడు. నీకోసమే బతికినాడు."

మరి ఇప్పుడెందుకు చెబుతున్నావు అని కోగీ ఇంగ్లీషులోనే అరిచింది. ఆయన పోయాడు, నువ్వూ నోరు మూసుకుని ఉంటే నాకు నాయనైనా మిగిలేవాడు, ఇప్పుడు ఇద్దరూ లేకుండా చేశావు అంది. గిరిధరరావు ఈసారి మాటల్ని కాస్త మెత్తగా మార్చి చెప్పాడు. తల్లి కూతురి మొహంలోనే అంతా చదువుకుంది.

జవాబుకు బదులు ముందుగది వైపు చూపించింది. అక్కడ టీవీ ఉంది. ఆ ఏడు దేశమంతా టీవీల ముందు కూర్చుని, పాత తెల్ల ప్రభుత్వం చేసిన ఘోరాలను విచారించే ట్రూత్ కమిషన్ చూస్తోంది. పోలీసుల చేతుల్లో పోయిన మొగుళ్ళ కోసం, కొడుకుల కోసం ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, మైకు ముందు కూర్చుని ఏడుస్తున్నారు. రమణమ్మకు ఆ భాషలేవీ రావు. అయినా ఒక్క రోజు మానకుండా చూసింది.

"ఆలంతా పేరెట్టి ఏడుస్తన్నారు బాబూ," అంది. "నా కట్టం అంత పెద్దది కాదు, నాకు తెలుసు. కానీ నాను నా మొగుణ్ణి పేరెట్టి ఏడవనేదు. ఒక్కసారి. సచ్చిపోయేలోగా ఒక్కసారి."

గిరిధరరావు దీన్ని అనువదించలేకపోయాడు. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ ఆపేశాడు. చివరికి, మీ అమ్మ మీ నాన్న కోసం ఏడవడానికి అనుమతి అడుగుతోంది సిస్టర్ అన్నాడు.

అప్పుడు ఏడ్చింది కోగీ. నేల మీద పాక్కుంటూ వెళ్ళి తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. రమణమ్మ మసి పట్టిన చేత్తో ఆ తల నిమిరింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు, మాట్లాడితే మళ్ళీ మధ్యలో డాక్టరు కావాలి.

బయట కారు ఆగిన చప్పుడైంది. రాడ్నీ.

కోగీ కళ్ళు తుడుచుకుని లేచింది. ఆమె తెలివైనది, అందులోనూ ఒంటరిగా ఆడపిల్లను పెంచుకుంటున్న మనిషి. కూతురు డర్బన్‌లో చదువుతోంది. నర్సు ఉద్యోగంతో ఈ ఇల్లు తప్ప ఆమెకు వేరే గూడు లేదు. నలభై ఏళ్ళు లచ్మన్ పేరుతో దిగినవాడు లచ్మన్ కాదని తేలితే కంపెనీ ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. కంపెనీ పుణ్యం ఎంత పల్చటిదో మాత్రం అందరికీ తెలుసు. ఈ ఒక్క రోజు ఓర్చుకోమని తల్లితో చెప్పమంది. కాగితం మీద వేలిముద్ర పడనీ, తర్వాత మనిద్దరం స్మశానానికి వెళదాం, నీ ఇష్టం వచ్చినంతసేపు ఏడువు, నేను పక్కనే ఉంటాను అంది.

రమణమ్మ తల ఊపింది. "ఈ ఇంటి కోసమే కదే ఇన్నాల్లూ," అంది. "నాను లచ్మ..." అని నాలుక కరుచుకుంది. "ఆయన పెల్లాన్నే కదా. ఏలేస్తాను పద."

ముస్తాబు మాత్రం వద్దంది. ఆడవాళ్ళు గొణుక్కుంటూ పళ్ళెం పక్కన పెట్టారు.

ముందు వసారాలో రాడ్నీ టోపీ తీసి నిలబడ్డాడు. మంచివాడు. ఈ పనికి అలాంటివాడు రావడమే అన్యాయం, చెడ్డవాడైతే తిట్టుకోవచ్చు. ఆంటీ, ఈ రోజు రావడం బాగుండదని తెలుసు, కానీ నెలాఖరులోగా కాగితాలు పంపాలి అని క్షమాపణ చెప్పుకున్నాడు. కుర్చీ తెచ్చి ఆమెను కూర్చోబెట్టాడు. స్టాంపు ప్యాడ్ తెరిచి ఒళ్ళో పెట్టాడు. ప్రమాణం చేయించాలి గనక రెండే ప్రశ్నలు అడుగుతాను, ఆంటీ తన నోటితో చెప్పాలి, ఎవరూ అందించకూడదు అన్నాడు.

కోగీ ఒక అడుగు ముందుకేసింది. మాటలొచ్చినప్పటి నుంచి ఆ పేరు అందించింది తనే. బడిలో, ఆసుపత్రిలో, బ్యాంకులో తనే. అమ్మ పలకదని, మన ఆచారమని రాడ్నీకి చెప్పబోయింది.

"మీ భర్త పేరు?" అని అడిగాడు రాడ్నీ. ఆ ఒక్క ఇంగ్లీషు ముక్క రమణమ్మకు అర్థమవుతుంది. జీవితమంతా విన్నదే.

ఆమె ఎదురుగా చూసింది. రోడ్డుకు అవతల గని తాళ్ళు చుట్టే పెద్ద చక్రం కనిపిస్తోంది, తిరగడం మానేసి నెల దాటింది. దాని కిందే అప్పుడొకడు పుస్తకం పట్టుకుని ఇదే ప్రశ్న అడిగాడు. ఆయుష్షు తగ్గుతుందని అప్పుడు పలకలేదు. తగ్గడానికి అప్పటికే ఏం మిగిలింది గనక.

"లచ్మన్," అంది రమణమ్మ.

పెరట్లోంచి వచ్చి నిలబడ్డ ఆడవాళ్ళు ఉలిక్కిపడ్డారు. ఆ నోటి నుంచి ఆ పేరు ఎవరూ వినలేదు. ఆమె కూడా వినలేదు. బయటికొచ్చిన పేరు ఎవరిదో అన్నట్టు ఒక్క క్షణం చెవి ఒగ్గి ఉండిపోయింది. తర్వాత మళ్ళీ అంది, ఈసారి గట్టిగా. మూడోసారికి అది పేరుగా లేదు, ఏడుపైంది. కుర్చీలోంచి జారి గడప దగ్గర కూలబడింది. స్టాంపు ప్యాడ్ ఎక్కడో పడింది. రెండు చేతులూ ఎత్తి గడప రాతికేసి కొట్టుకుంది. గాజులు పగిలాయి.

"లచ్మనా! నన్నొగ్గీసి బొగ్గులో తొంగున్నావా లచ్మనా! నీకు నాను నీల్లైనా ఇడవనేదు, బొట్టైనా తియ్యనేదు, నీ పేరైనా నీకు ఎట్టనేదు లచ్మనా!"

యాభై ఏళ్ళ ఏడుపది. ఆపడానికి ఎవరికీ కాళ్ళు రాలేదు. గిరిధరరావు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మొగుడు పోయి పదిరోజులే గదా, ఏడవనివ్వండి అని రాడ్నీ అందరికీ సైగ చేశాడు. అతని కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

చాలాసేపటికి ఆమె సద్దుమణిగింది. మణికట్టు మీద రక్తం. కోగీ పక్కన కూర్చుని తన చీర చెంగుతో ఒత్తి పట్టుకుంది. రాడ్నీ కూడా నేల మీదే గొంతుక్కూర్చుని, ఒక్కటే మిగిలింది ఆంటీ, తేదీ కూడా నేనే రాసుకున్నాను, అవునంటే చాలు, పోయిన వారమే కదా ఆయన పోయింది అని మెల్లిగా అడిగాడు.

గిరిధరరావు ఆ ప్రశ్నను తెలుగులో చెప్పాడు. రమణమ్మ ఆయన వైపు చూసింది. కోగీ కూడా ఆయన వైపే చూసింది. తల్లి నిజం చెప్పమంటోంది, కూతురు వద్దంటోంది. ఆ పాపం ఆయన మీద పెట్టడం రమణమ్మకూ ఇష్టం లేకపోయింది కాబోలు, తనకొచ్చిన ఇంగ్లీషులోంచి నాలుగు ముక్కలు ఏరుకుంది.

"నో, మై బాయ్. లాంగ్ టైమ్. లాంగ్ టైమ్."

రాడ్నీకి అర్థం కాలేదు. ఆమె వేలు చాపింది, గని చక్రానికి పక్కగా, కాలిన గడ్డి మధ్య స్మశానం శిలువలూ రాళ్ళూ కనిపించే వైపు. అతను అటు చూశాడు, కాగితం చూశాడు, పగిలిన గాజులు చూశాడు. మొహంలో జాలి పోలేదు గానీ, దాని వెనక కంపెనీ మనిషి మేల్కొన్నాడు. కోగీ వైపు తిరిగాడు.

"సిస్టర్, మీ అమ్మ భర్త ఎప్పుడో పోతే, పోయిన వారం ఈ ఇంట్లో పోయినాయన ఎవరు?"

ఒక్క అబద్ధం చాలు. అమ్మకు మతి చలించిందంటే చాలు, నర్సు మాట ఎవరైనా నమ్ముతారు. ఇల్లు దక్కుతుంది. గడప మీద రమణమ్మ, భాష తెలియకపోయినా, కూతురి పెదాల వైపే చూస్తోంది.

కోగీకి చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. పని నుంచి వచ్చిన నాయన, మసి మొహంతో ముద్దు పెట్టుకుంటే అంటుకుంటుందని, మోచేత్తో తన బుగ్గ తాకేవాడు.

"మా నాయన," అంది.

రాడ్నీ జేబులోంచి కలం తీశాడు. కాగితం మోకాలి మీద సరిచేసుకున్నాడు.

"ఆయన పేరు?"